పనిలో ప్రాణం పోతే బాధ్యత ఎవరిది? 1837 నుంచి మా అత్త సంతకం దాకా

ఈ వారం ఎపిసోడ్ కాస్త పొడుగు. ముందే చెప్పేస్తున్నా, తర్వాత కామెంట్లలో తిట్టొద్దు. మామూలుగా నేను రాజులు, కోటలు, పాత ఓడరేవులు అంటూ ఏదో ఒకటి చెప్తుంటాను కదా. ఈసారి ఒక కాగితం గురించి చెప్తాను. స్టాంప్ పేపర్. అది మా ఇంట్లోనే ఉంది.

మా చిన్న మామయ్య, అంటే మా అమ్మకి సొంత తమ్ముడు, ఒక కెమికల్ ఫ్యాక్టరీలో కాంట్రాక్ట్ మీద పనిచేసేవాడు. 2016లో, నేను బీటెక్ సెకండియర్‌లో ఉండగా, ఒకరోజు ట్యాంక్ కడగడానికి లోపలికి దిగాడు. మళ్లీ పైకి రాలేదు. వయసు 40. ఫ్యాక్టరీ పేరు, ఊరు చెప్పను, అడక్కండి.

దినం కూడా కాకముందే ఇద్దరు మనుషులు ఇంటికి వచ్చారు. ఒకాయన కాంట్రాక్టరు, ఇంకొకాయన కంపెనీ తరఫున. చాలా మర్యాదగా మాట్లాడారు, అది ఒప్పుకోవాలి. "అతను మా రోల్స్‌లో లేడమ్మా. అయినా మానవత్వంతో 3 లక్షలు ఇస్తున్నాం. ఇక మీదట ఏ క్లెయిమూ లేదని ఇక్కడ ఒక సంతకం పెట్టండి" అన్నారు. అత్త ఏడుస్తూనే పెట్టింది. సాక్షి సంతకం మా నాన్నది. వాళ్లు తెచ్చిన పెన్ను రాయకపోతే, నా జేబులోది తీసి ఇచ్చింది నేనే.

ఆ కాగితంలో ఉన్న మూడు ముక్కలూ, అంటే రోల్స్‌లో లేడు, మానవత్వంతో, ఇక క్లెయిమ్ లేదు, ఇవి ఆ కాంట్రాక్టరు సొంతంగా కనిపెట్టినవి కావు. వీటి వెనక దాదాపు 200 ఏళ్ల చరిత్ర ఉంది. చరిత్ర ఎక్కడో మ్యూజియంలో ఉంటుందనుకుంటాం. ఒక్కోసారి మన ఇంటి ట్రంకు పెట్టెలో పట్టుచీర కింద ఉంటుంది.

సరే, ఇంగ్లండ్ వెళ్దాం. మన చట్టాలకి పునాది అక్కడిది కాబట్టి వెళ్లక తప్పదు.

1808. ఒక గుర్రబ్బండి బోల్తా పడి, అందులో వెళ్తున్న ఒకాయన భార్య గాయాలతో కొన్నాళ్లకి చనిపోయింది. ఆయన బండి యజమానుల మీద కోర్టుకి వెళ్లాడు. బేకర్ వర్సెస్ బోల్టన్ అంటారు ఈ కేసుని. జడ్జి లార్డ్ ఎలెన్‌బరో ఏమన్నాడంటే, మనిషి చావు అనేది సివిల్ కోర్టులో నష్టం కింద ఫిర్యాదు చేసే విషయం కాదు అని. ఆయనకి తగిలిన దెబ్బలకి డబ్బులిస్తాం, భార్య బతికున్న ఆ కొన్ని రోజుల బాధకి ఇస్తాం, ఆమె పోయిన దగ్గర్నుంచి మాత్రం ఏమీ లేదు.

ఒక్క నిమిషం ఆగి దీని అర్థం చూడండి. కాలు విరిగితే కేసు వేయొచ్చు. చెయ్యి పోతే కేసు వేయొచ్చు. ప్రాణమే పోతే కేసు వేసే మనిషే లేడు కాబట్టి లెక్క సున్నా. అంటే నష్టపరిహారం కోణంలో చూస్తే, మనిషిని గాయపరచడం కన్నా చంపేయడం చవక. ఇది నేను వెటకారానికి అంటున్న మాట కాదు, అప్పటి చట్టం అలాగే పనిచేసింది.

మరి చావుకి అసలు శిక్షే లేదా అంటే, ఒక వింత పద్ధతి ఉండేది. డియోడాండ్ అంటారు. మనిషి చావుకి కారణమైన వస్తువు, అది బండి చక్రం కావచ్చు, ఎద్దు కావచ్చు, దాన్ని రాజుగారికి జప్తు చేయాలి, లేదా దాని విలువ కట్టాలి. తప్పు ఎద్దుది, చక్రానిది. యజమాని మనసు, నిర్లక్ష్యం, ఇవేవీ అక్కర్లేదు. పల్లెటూళ్లో ఇది కొన్ని వందల ఏళ్లు నడిచిపోయింది. కానీ రైలింజను వచ్చాక ఏం చేస్తారు?

1841 డిసెంబర్ 24, క్రిస్మస్ ముందు రోజు తెల్లవారుజామున లండన్ నుంచి బయల్దేరిన ఒక రైలు, సోనింగ్ అనే చోట పట్టాల మీద విరిగిపడిన మట్టిని గుద్దింది. ఇంజనుకీ గూడ్స్ పెట్టెలకీ మధ్య, పైన కప్పు లేని థర్డ్ క్లాస్ పెట్టెల్లో కూర్చున్నవాళ్లు 9 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది లండన్‌లో కొత్త పార్లమెంట్ భవనం కడుతున్న రాతిపనివాళ్లు, పండక్కి ఇంటికి వెళ్తున్నారు. విచారణ జరిపిన జ్యూరీకి ఒళ్లు మండి, ఇంజనూ పెట్టెల మీద 1000 పౌండ్ల డియోడాండ్ వేసింది. తర్వాత అది అప్పీల్‌లో కొట్టేశారు. కానీ రైల్వే కంపెనీలకి భయం పట్టుకుంది. చివరికి 1846లో పార్లమెంట్ రెండు పనులు చేసింది: డియోడాండ్‌ని ఎత్తేసింది, దాని బదులు చనిపోయినవాడి కుటుంబం కేసు వేయొచ్చు అని ఒక చట్టం తెచ్చింది. దాని నకలే మన దేశంలో 1855 నాటి ఫేటల్ యాక్సిడెంట్స్ యాక్ట్. మన దగ్గర మొదటి ప్యాసింజర్ రైలు 1853లో నడిచింది, రెండేళ్లలో చట్టం వచ్చేసింది. రైలూ చట్టమూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఈ చట్టం ప్రయాణికుడికి పనికొచ్చినట్టు పనివాడికి పనికిరాలేదు. ఎందుకంటే అప్పటికే కోర్టు ఒక గోడ కట్టేసింది.

1835లో, లింకన్‌షైర్‌లో మార్కెట్ డీపింగ్ అనే చిన్న ఊరు. ఫౌలర్ అనే మాంసం వ్యాపారి. అతని దగ్గర ప్రీస్ట్‌లీ అనే కుర్రాడు పనిచేసేవాడు. ఒకరోజు బండిలో మాంసం ఎక్కువ వేశారు. బండి ఆగలేదు, విరిగింది. కుర్రాడి తొడ ఎముక కూడా విరిగింది. వాళ్ల నాన్న యజమాని మీద కేసు వేశాడు. కింది స్థాయిలో జ్యూరీ 100 పౌండ్లు ఇవ్వమంది. ఆ రోజుల్లో పనివాడు పని చేయించినవాడి మీద ఇలాంటి కేసు వేయడమే కొత్త.

1837లో పైకోర్టులో లార్డ్ ఆబింజర్ ఆ తీర్పు తిప్పేశాడు. ఆయన చెప్పిన కారణాలు చదివితే మీకు నవ్వొస్తుంది, తర్వాత కోపమొస్తుంది. ఈ కుర్రాడికి డబ్బులిస్తే రేపు ఏమవుతుందో తెలుసా అని ఆయన ఒక జాబితా చదివాడు. పనిమనిషి తడి పక్క వేస్తే, ఆ పక్క మీద పడుకుని జలుబు చేసిన నౌకరు యజమానిని అడుగుతాడు. వంటమనిషి రాగి గిన్నెలు సరిగ్గా తోమకపోతే అడుగుతాడు. ఇలా అయితే పెద్దమనుషులు ఇంట్లో నౌకర్లని ఎలా పెట్టుకుంటారు? అదీ ఆయన బెంగ. ఇంకో మాట కూడా అన్నాడు. బండిలో బరువు ఎక్కువైందో లేదో యజమానికి ఎంత తెలుసో, ఎక్కినవాడికీ అంతే తెలుసు, ఇష్టం లేకపోతే ఎక్కకుండా ఉండాల్సింది అని.

ఎక్కకుండా ఉండాల్సింది! పని పోతుందని తెలిసి కూడా. ఈ మాట మీ మేనేజర్ నోట్లోంచి ఎప్పుడైనా విన్నారేమో గుర్తు చేసుకోండి.

ఈ తీర్పులోంచే 'కామన్ ఎంప్లాయ్‌మెంట్' అనే సూత్రం పెరిగింది. నీ తోటి పనివాడి తప్పు వల్ల నీకు దెబ్బ తగిలితే యజమానికి సంబంధం లేదు. అదే దెబ్బ దారిన పోయేవాడికి తగిలితే యజమాని ఇస్తాడు. నువ్వు లోపలివాడివి కాబట్టి నీకు లేదు. ఈ లోపల, బయట అనే గీత గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

అమెరికాలో 1842లో దీన్నే ఇంకా అందంగా చెప్పారు. బోస్టన్ అండ్ వూస్టర్ రైల్‌రోడ్‌లో ఫార్‌వెల్ అని ఒక ఇంజన్ డ్రైవర్. రోజుకి 2 డాలర్లు జీతం. ఇంకో ఉద్యోగి పట్టాల స్విచ్ తప్పుగా వదిలేయడంతో ఇంజన్ పట్టాలు తప్పి, అతని కుడిచెయ్యి పోయింది. మాసాచుసెట్స్ చీఫ్ జస్టిస్ లెమ్యుయల్ షా ఏమన్నారంటే, ప్రమాదం ఉన్న పని కాబట్టే నీకు ఎక్కువ జీతం ఇస్తున్నారు, రిస్కు జీతంలోనే కలిసి ఉంది అని. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఈజీగా అర్థమవుతుంది: చెయ్యి కూడా సీటీసీలో భాగమే. ఆఫర్ లెటర్ సరిగ్గా చదువుకోలేదు ఫార్‌వెల్.

అలా 19వ శతాబ్దం మొత్తం పనివాడి ముందు మూడు గోడలు నిలబడ్డాయి. తోటివాడి తప్పు అయితే లేదు. ప్రమాదం ఉందని నీకు ముందే తెలిస్తే లేదు. నీ తప్పు కాస్తయినా ఉంటే అసలే లేదు. ఇవన్నీ దాటి నెగ్గినవాళ్లు ఎంతమంది ఉంటారో మీరే ఊహించుకోండి. 1880లో ఇంగ్లండ్‌లో ఒక చట్టం వచ్చి గోడలకి చిన్న చిన్న కన్నాలు పెట్టింది, అంతే.

అసలు మలుపు వేరే వైపు నుంచి వచ్చింది. 1884లో జర్మనీలో బిస్మార్క్ ప్రమాద బీమా చట్టం తెచ్చాడు. ఆయనకి కార్మికుల మీద ప్రేమ పొంగి కాదు, సోషలిస్టుల బలం తగ్గించాలని. కారణం ఏదైతేనేం, అందులో ప్రశ్న మారిపోయింది. 'తప్పు ఎవరిది?' అనే ప్రశ్న పోయి 'పని వల్ల జరిగిందా?' అనే ప్రశ్న వచ్చింది. 1897లో ఇంగ్లండ్ అదే దారి పట్టింది. ఉద్యోగం కారణంగా, ఉద్యోగం చేస్తుండగా ప్రమాదం జరిగితే, యజమాని తప్పున్నా లేకపోయినా పరిహారం ఇవ్వాలి. చనిపోతే మూడేళ్ల జీతం లేదా 150 పౌండ్లు, ఏది ఎక్కువైతే అది, కానీ 300 పౌండ్లు మించకూడదు.

ఆ 'మించకూడదు' అన్నది చూడండి. ఇది ఒక బేరం. పనివాడికి తప్పు నిరూపించే బాధ తప్పింది. యజమానికి పెద్ద మొత్తం కట్టే భయం తప్పింది. బేరం మంచిదా చెడ్డదా అని న్యాయ చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. నా మట్టుకు నాకు, ఫౌలర్ బండి ఎక్కిన కుర్రాడి వైపు నుంచి చూస్తే మంచి బేరమే.

ఇక మన దగ్గరకి వద్దాం. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక బొంబాయి మిల్లుల్లో, రైల్వేల్లో, గనుల్లో సమ్మెలు. 1919లో ఐఎల్ఓ పుట్టింది, ఇండియా అందులో మొదటి నుంచీ సభ్యురాలు. 1920లో ఏఐటీయూసీ. ఆ వేడిలో వచ్చింది 1923 నాటి వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ యాక్ట్. 1924 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. తర్వాత దాని పేరు ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ యాక్ట్ అయింది. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్లు వచ్చాయి కాబట్టి అది సోషల్ సెక్యూరిటీ కోడ్‌లో కలిసిపోయింది. పేర్లు, సెక్షన్ నంబర్లు మారాయి, అసలు సారం ఉంది. మామయ్య పోయింది పాత చట్టం ఉన్నప్పుడు కాబట్టి నేను పాత నంబర్లే చెప్తాను.

నేను ఆ చట్టాన్ని మొదటిసారి ఎప్పుడు తెరిచానో తేదీతో సహా గుర్తుంది. 2020 మే 7. లాక్‌డౌన్, వర్క్ ఫ్రమ్ హోమ్. పొద్దున్నే టీవీ పెడితే విశాఖ ఆర్ఆర్ వెంకటాపురం. ఎల్జీ పాలిమర్స్ ట్యాంక్ నుంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చి, నిద్రలో ఉన్న ఊరి మీద పడింది. 12 మంది పోయారు. రోడ్డు మీద కుప్పకూలిన మనుషుల్ని చూస్తూ అమ్మ ఒకటే మాట అంది, "తమ్ముడు కూడా ఇలాగే" అని. ఆ రాత్రి ఆఫీస్ పని పక్కన పెట్టి, చట్టం పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసుకున్నాను. చిన్న చట్టమే. ఒక పాత కోడ్‌బేస్ చదివినట్టు చదివాను, ఏ కండిషన్ ఎక్కడ ఉందో చూసుకుంటూ.

చదువుతుంటే ఒక్కో సెక్షన్ దగ్గరా స్టాంప్ పేపర్ కళ్ల ముందు కనిపిస్తోంది.

'రోల్స్‌లో లేడు' అన్నారు కదా. 12వ సెక్షన్: కంపెనీ తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టర్ చేత చేయిస్తే, ఆ పనివాడు నేరుగా తన దగ్గరే ఉన్నట్టు లెక్కకట్టి ప్రిన్సిపల్ యజమానే పరిహారం ఇవ్వాలి. తర్వాత కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకుంటాడా, ఏం చేస్తాడా అన్నది వాళ్లిద్దరి గొడవ. వితంతువుకి దాంతో పని లేదు. ఇది నిన్నా మొన్నా పెట్టింది కాదు, 1923 నుంచీ ఉంది. కాంట్రాక్టర్ని అడ్డం పెట్టుకుంటారని వందేళ్ల కిందటే రాసినవాళ్లకి తెలుసు!

'ఇక క్లెయిమ్ లేదని సంతకం.' 17వ సెక్షన్: పనివాడు తన పరిహారం హక్కు వదులుకుంటున్నట్టు ఏ ఒప్పందం రాసుకున్నా, ఆ మేరకు అది చెల్లదు. స్టాంప్ పేపర్ మీద రాసినా చెల్లదు.

ఇంకొకటి చదివి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. 8వ సెక్షన్. మనిషి చనిపోయిన కేసులో పరిహారం నేరుగా కుటుంబం చేతికి ఇవ్వకూడదు. కమిషనర్ దగ్గర, అంటే లేబర్ డిపార్ట్‌మెంట్‌లో ఆ పని చూసే అధికారి దగ్గర డిపాజిట్ చేయాలి. నేరుగా ఇచ్చిన డబ్బు పరిహారం కింద లెక్కకే రాదు. ఎందుకు పెట్టి ఉంటారో ఊహించడం కష్టం కాదు. శవం ఇంట్లో ఉండగా మూడు నోట్ల కట్టలు చూపించి సంతకం తీసుకోవడం అనే విద్య 1923 నాటికే పాతది అయ్యుంటుంది.

లెక్క చూద్దాం, నాకు లెక్కలు చేయకపోతే నిద్ర పట్టదు. చనిపోతే, నెల జీతంలో సగాన్ని వయసుకి తగ్గ ఒక ఫ్యాక్టర్‌తో గుణించాలి. 40 ఏళ్లకి ఆ ఫ్యాక్టర్ 184.17. ఎంత జీతం వస్తున్నా లెక్కలోకి తీసుకునే నెల జీతానికి ఒక పరిమితి ఉంది, 2016లో అది రూ.8,000. సగం 4,000. గుణిస్తే రూ.7,36,680. మాకు చేతికి వచ్చింది 3 లక్షలు. నెలలోపు డిపాజిట్ చేయకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే పెనాల్టీ కూడా. 2020 జనవరిలో ఆ పరిమితి రూ.15,000 చేశారు, ఆ లెక్కన 40 ఏళ్లవాడికి రూ.13,81,275. ఈఎస్ఐ ఉన్నవాళ్లకి దారి వేరు, వాళ్ల కుటుంబానికి నెలనెలా పెన్షన్‌లాగా వస్తుంది. మామయ్యకి ఈఎస్ఐ కట్టలేదు.

ఇంతవరకూ చదివి సంతోషపడ్డాను. అప్పుడు 10వ సెక్షన్ వచ్చింది. చనిపోయిన రెండేళ్లలోపు క్లెయిమ్ వేయాలి. 2016 ప్లస్ రెండు. అప్పటికి 2020.

డబ్బు సంగతి అలా ఉంచితే, ఫ్యాక్టరీస్ యాక్ట్‌లో 36వ సెక్షన్ కూడా ఆ రాత్రే చదివాను. 1948 నాటి చట్టం. విషవాయువు ఉండే అవకాశమున్న ట్యాంకులోకి మనిషిని దింపాలంటే, అర్హత ఉన్నవాడు స్వయంగా పరీక్ష చేసి గాలి బాగుందని రాసివ్వాలి. లేదా దిగేవాడికి శ్వాస తీసుకునే పరికరం పెట్టి, నడుముకి బెల్టు కట్టి, ఆ బెల్టుకున్న తాడు రెండో కొసని బయట ఒక మనిషి పట్టుకోవాలి. తాడు, దాన్ని పట్టుకునే మనిషి ఒకడు. మామయ్యతో పాటు పనిచేసిన ఆయన తర్వాత మా నాన్నకి చెప్పాడు, ఆ రోజు తాడు లేదని.

ఇక్కడ భోపాల్ గురించి చెప్పాలి. 1984 డిసెంబర్ 2 రాత్రి అందరికీ తెలుసు. చాలామందికి తెలియనిది ఏంటంటే, దానికి మూడేళ్ల ముందు, 1981 డిసెంబర్‌లో, అదే యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీలో ఫాస్జీన్ తగిలి ఒక కార్మికుడు చనిపోయాడు. ఆ తర్వాతే రాజ్‌కుమార్ కేస్వానీ అనే జర్నలిస్టు లోపల ఏం జరుగుతోందో తవ్వి, 1982లో ఊరిని కాపాడండి అని తన చిన్న వారపత్రికలో రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. లోపల ఒకడు పోతే అది 'యాక్సిడెంట్', బయట వేలమంది పోతే 'దుర్ఘటన'. కానీ ట్యాంకులూ పైపులూ రెండింటికీ అవే. 1989లో 47 కోట్ల డాలర్లకి సెటిల్‌మెంట్ అయింది. క్రిమినల్ కేసులో 2010 జూన్‌లో, అంటే 26వ సంవత్సరంలో, కంపెనీ భారతీయ అధికారులకి రెండేళ్ల శిక్ష పడింది, అదే రోజు బెయిల్ వచ్చింది. దాని గురించి ఇంకేం మాట్లాడతాం.

భోపాల్ జరిగిన ఏడాదికి, 1985 డిసెంబర్ 4న, ఢిల్లీలో శ్రీరామ్ ఫ్యాక్టరీ నుంచి ఓలియం గ్యాస్ లీకైంది. తీస్ హజారీ కోర్టు లాయరు ఒకాయన చనిపోయాడు. ఎం.సి.మెహతా కేసు అంటే లా చదివేవాళ్లు కళ్లు మూసుకుని చెప్తారు. అప్పటిదాకా ఇంగ్లండ్ వాళ్ల 1868 నాటి రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్ సూత్రం నడిచేది. ప్రమాదకరమైనది తెచ్చి పెట్టుకుంటే బాధ్యత నీదే, కానీ దైవఘటన, మూడోవాడి పని లాంటి మినహాయింపులు ఉన్నాయి అని. 1986 డిసెంబర్‌లో చీఫ్ జస్టిస్ పి.ఎన్.భగవతి ఉన్న అయిదుగురు జడ్జీల బెంచ్, అదంతా గుర్రబ్బండ్ల కాలం నాటి సంగతి, మనకి మన చట్టం కావాలి అన్న ధోరణిలో కొత్త సూత్రం చెప్పింది. అబ్సల్యూట్ లయబిలిటీ. ప్రమాదకరమైన పరిశ్రమ నడిపి లాభం తీసుకునేవాడు దాని వల్ల జరిగే నష్టానికి ఏ మినహాయింపూ లేకుండా బాధ్యుడు. కంపెనీ ఎంత పెద్దదైతే పరిహారం అంత పెద్దది. అందులో లోపలివాళ్లు, బయటివాళ్లు అన్న తేడా కూడా లేదు, అక్కడ పనిచేసేవాళ్లూ చుట్టుపక్కల బతికేవాళ్లూ ఇద్దరి పేరూ చెప్పింది. 1837లో గీసిన గీత చెరిగిపోయింది అనుకోవచ్చు.

మరుసటి ఏడాదే ఫ్యాక్టరీస్ యాక్ట్ మార్చారు. ప్రమాదకర ప్రక్రియల మీద కొత్త అధ్యాయం వచ్చింది, శిక్ష ఏడేళ్ల దాకా పెరిగింది. నాకు అన్నిటికన్నా నచ్చింది చిన్న మార్పు. ఫ్యాక్టరీకి చట్టం దృష్టిలో 'ఆక్యుపయర్' అని ఒకరుంటారు, కేసు వాళ్ల మీద పడుతుంది. అంతకుముందు ఎవరో ఒక మేనేజర్ పేరు రాసేసి డైరెక్టర్లు హాయిగా ఉండేవాళ్లు. 1987 తర్వాత కంపెనీ అయితే డైరెక్టర్లలో ఒకరే ఆక్యుపయర్. కంపెనీలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. 1996లో కోర్టు డైరెక్టరే ఉండాలి అని తేల్చింది.

కానీ గీత పూర్తిగా చెరగలేదు. 1991లో పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం తెచ్చారు, తప్పు నిరూపించకుండా తక్షణ సాయం ఇవ్వడానికి. అందులో మొదట్లోనే ఉంటుంది, కార్మికుడు కాని ఏ వ్యక్తికైనా అని. కార్మికుడికి తన చట్టం తనకుంది కదా అని లాజిక్. ఆ తన చట్టంలో జీతానికి పరిమితి ఉంది. సుప్రీంకోర్టు చెప్పిన 'కంపెనీ ఎంత పెద్దదైతే అంత' అన్నది ఆ ఫార్ములాలో ఎక్కడా లేదు. 184.17కి కంపెనీ టర్నోవర్ తెలియదు.

చివరికి మిగిలిన మాట 'మానవత్వంతో'. ఎల్జీ పాలిమర్స్ అప్పుడు చనిపోయినవాళ్ల కుటుంబాలకి రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు ఇచ్చింది. 2024 ఆగస్టులో అచ్యుతాపురం సెజ్‌లోని ఫార్మా కంపెనీలో 17 మంది పోయినప్పుడూ, 2025 జూన్ 30న పాశమైలారంలో 40 మందికి పైగా పోయినప్పుడూ, వార్తల్లో అదే కోటి అంకె వినిపించింది. ఆ కుటుంబాలకి ఆ డబ్బు అవసరం, నేను ఒక్క రూపాయి కూడా ఎక్కువంటం లేదు. కానీ పేపర్లో దానికి వాడే పదం చూడండి: ఎక్స్‌గ్రేషియా. లాటిన్ మాట. అర్థం, దయతో. అంటే ఇవ్వాల్సిన పని లేదు, అయినా ఇస్తున్నాం అని. పెద్ద ప్రమాదమైతే, కెమెరాలు వస్తే, దయ కోటి రూపాయలు. ఒక్కడే ట్యాంకులో పోతే, కెమెరా రాకపోతే, దయ 3 లక్షలు. దయకి ఫ్యాక్టర్ టేబుల్ ఉండదు, వడ్డీ ఉండదు, అప్పీల్ ఉండదు. 1897లో, 1923లో చట్టం చేసిన పని సరిగ్గా ఇదే, దయని తీసేసి లెక్క పెట్టడం. మేము ఆ రోజు ఆ లెక్క వదిలేసి దయ తీసుకున్నాం, పైగా దండం పెట్టాం. అవును, నాన్న వాళ్లిద్దరికీ దండం పెట్టాడు. నాకు గుర్తుంది.

10వ సెక్షన్‌లో ఇంకో వాక్యం ఉంది. ఆ రాత్రి నేను నిరాశలో సరిగ్గా చదవలేదు, ఈ ఎపిసోడ్ కోసం మళ్లీ చదివితే కనిపించింది. ఆలస్యానికి తగిన కారణం ఉందని కమిషనర్ అనుకుంటే, రెండేళ్లు దాటినా క్లెయిమ్ తీసుకోవచ్చు. ఒక లాయర్‌ గారిని అడిగాను. "చాలా లేటు బాబూ, కష్టం. కానీ వేయకూడదని ఎక్కడా లేదు" అన్నారు. తగిన కారణం ఏం రాస్తాం సార్ అంటే, "జరిగింది జరిగినట్టు రాయండి" అన్నారు.

పోయిన వారం అత్త దగ్గరికి వెళ్లి ఆ స్టాంప్ పేపర్ ఫొటో తీసుకున్నాను. బ్లూ ఇంకు అక్కడక్కడా చెమ్మకి పాకింది. "ఇప్పుడేటి సేస్తావు నాన్నా దీంతో, పదేళ్లయిపోనాది కదా" అంది. చెప్పాను. 8వ సెక్షన్ చెప్పాను, 17వ సెక్షన్ చెప్పాను. అంతా విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "అయితే ఆ రోజు నేను సంతకం పెట్టకపోయినా ఇచ్చీవోరా?"

ఇవ్వాల్సి వచ్చేది అత్తా, అన్నాను.

సోమవారం లేబర్ ఆఫీసుకి వెళ్తున్నాం. తనూ వస్తానంది.